ఏడాది కాపురం

డాక్టర్ కోట్నీస్ పేరు చెబితే మా అమ్మ తరం వాళ్ళకి వెంటనే శాంతారాం సినిమా గుర్తొస్తుంది. 1946లో వచ్చింది. డాక్టరుగా శాంతారామే వేశారు, ఆయన చైనా భార్యగా జయశ్రీ. తర్వాతి వాళ్ళలో చాలామందికి ఆయన తపాలా బిళ్ళ మీది ముఖంగానే తెలుసు. మన తపాలా శాఖ 1993లో ఆయన పేరున స్టాంపు వేసింది.

నాకు మాత్రం ఆయనకంటే ముందు ఆయన ఊరు తెలుసు. షోలాపూర్! మా పిన్ని కాపురానికి వెళ్ళిన ఊరు. పేరుకి మహారాష్ట్రే గానీ మన పద్మశాలీలు తరాల కిందటే వెళ్ళి స్థిరపడ్డ ఊరు కాబట్టి, కొన్ని వీధుల్లో నడుస్తుంటే మరాఠీ కన్నా తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. షోలాపూర్ దుప్పటి లేని తెలుగిల్లు ఒకప్పుడు ఉండేదా చెప్పండి!

ఆ ఊరి కుర్రాడు చైనా వెళ్ళి, యుద్ధంలో గాయపడిన వాళ్ళకి వైద్యం చేస్తూ అక్కడే ప్రాణం వదిలాడని అందరూ రాశారు. అది గొప్ప విషయమే. కానీ నా కుతూహలం ఎప్పుడూ వేరే చోట ఉండేది. అక్కడ ఆయన పెళ్ళి చేసుకున్నాడు కదా... ఆ ఇద్దరూ కాపురం ఎలా చేశారు? ఏం తిన్నారు? ఎక్కడ ఉన్నారు? ఏ భాషలో మాట్లాడుకున్నారు? ఆయన పోయాక ఆ అమ్మాయి ఏమయింది? దొరికినవన్నీ చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, వాళ్ళు కలిసి ఉన్నది ఒక్క ఏడాది. ఆ తర్వాత ఆమె బతికింది దాదాపు డెబ్బై ఏళ్ళు!

ఏడాదికని వెళ్ళిన కొడుకు

ద్వారకానాథ్ శాంతారాం కోట్నీస్ 1910 అక్టోబర్ 10న పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు, అయిదుగురు అక్కచెల్లెళ్ళు ఉన్న పెద్ద సంసారం. పెద్ద ఆస్తిపాస్తులేమీ లేని మధ్యతరగతి ఇల్లు. ఆయనకి ఇరవై ఏళ్ళు నిండబోతున్నప్పుడే, 1930లో, షోలాపూర్ అట్టుడికిపోయింది. తెల్లదొరలు ఊళ్ళో మార్షల్ లా పెట్టారు. మరుసటి ఏడాది జనవరిలో ఆ ఊరి వాళ్ళు నలుగురిని ఉరి తీశారు. అలాంటి ఊరి గాలి పీల్చిన కుర్రాడు బొంబాయి వెళ్ళి సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివాడు.

ఇలాంటి ఇంట్లో ఒకడు డాక్టరయితే ఏం ఆశిస్తారో మనకి తెలియనిదా? ప్రాక్టీసు పెట్టాలి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేయాలి, తనూ పెళ్ళి చేసుకోవాలి.

అంతలో 1937లో జపాన్ చైనా మీద పడింది. ఊళ్ళు తగలబడుతున్నాయి, గాయపడిన వాళ్ళకి కట్టు కట్టే దిక్కు లేదు. డాక్టర్లను పంపమని చైనా సేనాని జూ దే నెహ్రూగారిని కోరారు. అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న సుభాష్ చంద్ర బోస్ 1938 జూన్ 30న దేశానికి పిలుపునిచ్చారు. మనమే పరాయి పాలనలో ఉన్నాం, మన ఆసుపత్రులే అంతంత మాత్రం. అయినా జనం చందాలు వేసుకుని 22,000 రూపాయలు పోగు చేశారు. ఒక అంబులెన్సూ సమకూరింది. అయిదుగురు డాక్టర్లు బయల్దేరారు. అలహాబాదు నుంచి అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి బసు, ముఖర్జీ, మన షోలాపూర్ నుంచి కోట్నీస్. నాయకుడైన అటల్ అంతకుముందే స్పెయిన్ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. కోట్నీస్‌కి ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు.

1938 సెప్టెంబర్ 1న బొంబాయిలో ఓడెక్కారు. అనుకున్నది ఏడాదే. ఏడాది ఎంతలో తిరిగొస్తుంది అని ఇంట్లో వాళ్ళు ఎన్నిసార్లు అనుకుని ఉంటారో కదా!

కొర్రన్నం, కొండ గుహలు

హాంకాంగ్ మీదుగా కాంటన్ చేరినప్పుడు వాళ్ళను ఎదురొచ్చి ఆహ్వానించింది ఒక మహిళ. సున్ యట్‌సెన్ గారి భార్య సూంగ్ చింగ్‌లింగ్. అక్కడి నుంచి జపాన్ బాంబుల కింద ఊరి తర్వాత ఊరు దాటుకుంటూ చుంగ్‌కింగ్ చేరారు. అక్కడే అయిదుగురికీ చైనా పేర్లు పెట్టారు. అందరి పేర్ల చివరా 'హువా' అని వస్తుంది. చైనా అని అర్థం. మన కోట్నీస్ 'కె దిహువా' అయ్యారు.

ఇంకా ఉత్తరాన ఉన్న యెనాన్‌కి బయల్దేరబోతుండగా షోలాపూర్ నుంచి కబురు. తండ్రి పోయారు! ఇంటికి వెళ్ళిపొమ్మని తోటి వాళ్ళే చెప్పారు. ఎవరూ తప్పు పట్టే సందర్భం కాదు. ఆయన వెళ్ళలేదు. వచ్చిన పని ఇంకా మొదలే కాలేదన్నది ఆయన మాట. దీన్ని ఒప్పో తప్పో తేల్చడం నాకు చేతకాదు. తండ్రి చివరి చూపుకి అందని కొడుకులూ కూతుళ్ళూ ఇవాళ మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ బాధ ఎలాంటిదో వాళ్ళనే అడగాలి.

1939 ఫిబ్రవరిలో యెనాన్ చేరారు. అక్కడ ఇళ్ళంటే మట్టి కొండల్ని తొలిచి చేసిన గుహలు. ఆసుపత్రి కూడా గుహల్లోనే. తిండి ఏమిటంటే కొర్రలు! అవును, మన కొర్రలే. పూటపూటా కొర్రన్నమో కొర్రజావో. ఇప్పుడంటే షుగరు వచ్చిందని డాక్టరు చెబితే వెతుక్కుని మరీ కొనుక్కుంటున్నాం గానీ, అక్కడి పల్లెలకి అదే ప్రాణాధారం. చలికి దూది కూరి కుట్టిన కోట్లు, పాంట్లు.

చోల్కర్, ముఖర్జీ 1939లోనే వెనక్కి వచ్చేశారు. మరుసటి ఏడాది అటల్ వచ్చేశారు. బసు యెనాన్‌లో పనిచేశారు. కోట్నీస్ ఒక్కరే శత్రువు వెనక భాగాన, హెబై రాష్ట్రపు కొండ పల్లెల్లో ఉండిపోయారు. ఆ ప్రాంతం చుట్టూ జపాన్ సైన్యం కందకాలు తవ్వి, కోటలు కట్టి దిగ్బంధం చేసింది. మందులు రావు, దూది రాదు, ఉత్తరం రాదు.

సమాధి దగ్గర పరిచయం

తెలుగులో 'రక్తాశ్రువులు' చదివిన వాళ్ళకి కెనడా డాక్టర్ నార్మన్ బెతూన్ కొత్త కాదు. ఆపరేషన్ చేస్తుండగా వేలు తెగి, రక్తం విషమై 1939 నవంబర్‌లో ఆయన చనిపోయింది ఈ కొండల్లోనే. 1940 జూన్‌లో ఆయన సమాధి దగ్గర జరిగిన సభకి కోట్నీస్ వెళ్ళారు. అక్కడే గువో చింగ్‌లాన్‌ని మొదటిసారి చూశారు.

ఈమె గురించి కొంచెం చెప్పాలి. 1916లో షాన్సీ రాష్ట్రంలోని ఫెన్‌యాంగ్‌లో పుట్టింది. నర్సు ట్రైనింగు అయి పెకింగ్‌లో పెద్ద ఆసుపత్రిలో పనిచేసేది. ఆ రోజుల్లో కాథ్లీన్ హాల్ అనే న్యూజీలాండ్ నర్సు ఒకావిడ, బెతూన్ అడిగారని, పెకింగ్‌లో మందులు కొని జపాన్ వాళ్ళ కళ్ళుగప్పి కొండల్లోకి చేరవేసేది. మందులతో పాటు మనుషుల్నీ చేరవేసేది! అలా ఆవిడ వెంట వచ్చిన నర్సుల్లో చింగ్‌లాన్ ఒకరు. సంగతి తెలిసి జపాన్ వాళ్ళు కాథ్లీన్ ఉండే మిషన్‌ని తగలబెట్టి, ఆవిడని ఆ ప్రాంతం నుంచి వెళ్ళగొట్టారు.

జీతం, క్వార్టర్సు ఉన్న పట్నం ఉద్యోగం వదిలి, ఇరవై మూడేళ్ళ అమ్మాయి తనంతట తాను యుద్ధంలోకి వచ్చిందన్నమాట. కోట్నీస్ పరాయి దేశం నుంచి వచ్చిన వలంటీరయితే, ఈమె సొంత దేశంలోనే ఇల్లు దాటి వచ్చిన వలంటీరు. డాక్టరుగారి భార్య అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆమెకి అన్యాయం చేసినట్టే.

బెతూన్ పేరున నడిచే వైద్య పాఠశాలలో ఆమె నర్సింగ్ టీచరు, ఆయన సర్జరీ టీచరు. ఆయన పాఠం చెప్పేది ఇంగ్లీషులో కాదు, చైనా భాషలో! వచ్చిన కొత్తలోనే పట్టుబట్టి నేర్చుకున్నారు. మాట్లాడటమే కాదు, ఆ బొమ్మల్లాంటి అక్షరాలు చదవడం, రాయడం కూడా. ఏ భాషలో మాట్లాడుకున్నారన్న నా ప్రశ్నకి జవాబు ఇదే. భాష నేర్చుకునే శ్రమ ఆయన పడ్డాడు. పెళ్ళయిన చోట భాష, తిండి, అలవాట్లు అన్నీ ఆడపిల్లే నేర్చుకోవాలనే మన లెక్కకి ఇది ఎంత తిరగబడి ఉందో చూడండి.

1940లో పెద్ద పోరాటం జరిగినప్పుడు ఆయన మూడు పగళ్ళు మూడు రాత్రుళ్ళు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేశారని చెబుతారు. 1941 జనవరిలో ఆయన్ని బెతూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి డైరెక్టరుని చేశారు. పెద్ద పేరే గానీ, ఆసుపత్రంటే పల్లెటూరి ఇళ్ళే. రోగుల మంచాలు రైతుల గదుల్లో. శత్రువు వస్తున్నాడంటే సామానంతా కంచర గాడిదల మీదికెక్కించి మరో లోయకి మారిపోవాలి.

అక్కడి జనం ఆయనకి ముద్దుగా ఒక పేరు పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే 'నల్లమ్మ'! రంగు నలుపు, మనసు తల్లి మనసు అని. మగవాడిని అమ్మా అని పిలిచారంటే, ఆ చేతులు పుండు కడిగిన తీరు, జావ తాగించిన తీరు ఎలా ఉండి ఉండాలి!

ఆకులు కూడా కోయొద్దన్న రోజులు

1941 శరదృతువులో జపాన్ సైన్యం ఆ కొండల్ని జల్లెడ పట్టింది. పల్లెలు తగలబెట్టింది, ధాన్యం ఎత్తుకుపోయింది. ఆ గొడవ కాస్త సద్దుమణిగాక, ఆ ఏడాది చివర్లో, వీళ్ళ పెళ్ళి జరిగింది. ఆయనకి ముప్పై ఒకటి, ఆమెకి పాతిక. షోలాపూర్ నుంచి ఎవరూ లేరు. రావడం మాట అటుంచి, కబురే అందే దారి లేదు. ఫెన్‌యాంగ్ జపాన్ చేతిలో ఉంది, కాబట్టి అమ్మాయి పుట్టిల్లూ దూరమే. ఉన్న చుట్టాలల్లా తోటి డాక్టర్లు, నర్సులు, చదువుకునే పిల్లలు.

కాపురం తాంగ్ జిల్లాలోని గెగుంగ్ అనే పల్లెలో. ఉత్తర చైనా ఇళ్ళలో గదిలో సగం మేర ఇటుకల అరుగు ఉంటుంది. పొయ్యి వేడి దాని కిందుగా పోయేలా కడతారు. చలికాలంలో పడక అదే, కూర్చోవడమూ అదే. వెలుతురికి నూనె దీపం. పొద్దున్నే ఆయన వార్డుకి, పాఠానికి. ఆమె తన క్లాసుకి. సాయంత్రం దీపం ముందు ఆయన రాతకి కూర్చునేవారు. పాఠ్యపుస్తకాలు లేని బడిలో, చేతిలో ఉన్న కొద్దిపాటి సామానుతో ఆపరేషన్ ఎలా చేయాలో నేర్పే పుస్తకం. మొదటిది పూర్తయింది. రెండోది మొదలుపెట్టారు.

ఒక్కసారి లెక్కేసుకుంటే, 1942 వసంతానికి చింగ్‌లాన్ గర్భవతి. ఆ కొండల్లో అదే కరువు కాలం! తినడానికి లేక జనం చెట్ల చిగుళ్ళు వండుకునేవాళ్ళు. ఊళ్ళ చుట్టుపక్కల చెట్ల ఆకులు సైనికులు కోయకూడదు, అవి రైతులకే వదలాలి అని సేనాపతి నియె రోంగ్‌జెన్ ఆ ఏడాది ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఆకు మీద కూడా ఉత్తర్వు! అలాంటి చోట కడుపుతో ఉన్న ఆడదానికి ఏం దొరికి ఉంటుంది? మనింట్లో మూడో నెల రాగానే మామిడికాయ, పులిహోర, ఏది అడిగితే అది వండిపెడతామే... ఆమెకి సీమంతమూ లేదు, పుట్టింటి గాజులూ లేవు.

1942 ఆగస్టు 23న బాబు పుట్టాడు. పేరు పెట్టింది ఆ సేనాపతే. 'యిన్‌హువా'. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. తల్లిదండ్రులిద్దరి దేశాలూ బాబు పేరులో చేరాయి.

ఆ ఏడాదే కోట్నీస్ అక్కడి కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. మూర్ఛలు వచ్చేవి. వెనక్కి వెళ్ళి వైద్యం చేయించుకోమని పైవాళ్ళు చెప్పారు. ఆయన కదల్లేదు. తను వెళితే సర్జరీ ఎవరు చెబుతారన్నదే ఆయన పట్టు. 1942 డిసెంబర్ 9 తెల్లవారుజామున మూర్ఛ మీద మూర్ఛ వచ్చి పోయారు. ముప్పై రెండేళ్ళు. బాబుకి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. రెండో పుస్తకం సగంలో ఆగింది.

ఎముకలు కొరికే చలిలో పల్లె జనం వరుస కట్టి వచ్చి ఆయన్ని సాగనంపారు. యుద్ధం ముగిశాక ఆయన సమాధిని షిజియాజువాంగ్ పట్టణంలోని అమరవీరుల శ్మశానానికి మార్చారు. ఆయనతో వెళ్ళిన వాళ్ళలో ఆఖరుగా డాక్టర్ బసు 1943లో ఇండియా చేరారు. వెళ్ళింది అయిదుగురు, వచ్చింది నలుగురు. కె.ఎ. అబ్బాస్ ఈ కథ రాసి 1944లో పుస్తకం వేశారు. శాంతారాం సినిమాకి అదే మూలం.

ఆ తర్వాతి డెబ్బై ఏళ్ళు

చాలా జీవిత కథలు ఇక్కడ ముగిసిపోతాయి. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, చంకలో పసివాడు, చుట్టూ యుద్ధం. అమరుడి భార్య అనే పెద్ద బరువు నెత్తిన. ఆ బరువు కింద ఎంతమంది ఆడవాళ్ళు నోరెత్తకుండా బతికారో మనకి తెలుసు. పెద్ద మనిషి పెళ్ళాం కదా, ఇంకో మనిషి ఊసెత్తితే లోకం ఏమనుకుంటుంది?

చింగ్‌లాన్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఒక కొడుకు, కూతురు పుట్టారు. దలియాన్ అనే రేవు పట్టణంలో స్థిరపడ్డారు. కోట్నీస్‌ని మర్చిపోయారా అంటే, లేదు. ఇండియాకి పలుమార్లు వచ్చారు. ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కుటుంబాన్ని కలుసుకున్నారు. తమ ఏడాది కాపురం జ్ఞాపకాలను పెద్ద వయసులో పుస్తకంగా తెచ్చారు. ఇటు కోట్నీస్ వాళ్ళు కూడా ఆమెతో తెగతెంపులు చేసుకోలేదు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నదని తమ మనిషి కాకుండా పోలేదు.

ఇది చదువుతుంటే నాకు మా బంధువుల్లో ఒకమ్మాయి గుర్తొచ్చింది. పెళ్ళయిన రెండేళ్ళకి భర్త పోయాడు. నాలుగేళ్ళ తర్వాత పుట్టింటి వాళ్ళు ధైర్యం చేసి మళ్ళీ పెళ్ళి చేశారు. ఆ రోజుతో అత్తింటి వైపు వాళ్ళు శుభలేఖ పంపడం మానేశారు. ఆమె మాత్రం ఇప్పటికీ మొదటి అతని తద్దినం రోజున తలంటి పోసుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక పూట ఉపవాసం ఉంటుంది. కొత్త కాపురం పెట్టినంత మాత్రాన పాత మనిషి గుండెలోంచి వెళ్ళిపోతాడా? అది అత్తింటి వాళ్ళకి ఎందుకు అర్థం కాదు?

చింగ్‌లాన్‌కి ఇంకో దెబ్బ కూడా తగిలింది. యిన్‌హువా తండ్రి లాగే డాక్టరు కావాలని వైద్యం చదువుతూ, చదువు పూర్తి కాకుండానే 1967లో పోయాడు. దాదాపు పాతికేళ్ళ వయసు. భర్తకంటే కూడా చిన్న వయసులో కొడుకు! ఇండియా, చైనాల పేర్లు కలిపి పెట్టుకున్న ఆ పిల్లాడు పోయే నాటికి ఆ రెండు దేశాలు 1962లో యుద్ధం చేసుకుని, మాటామంతీ లేకుండా ఉన్నాయి. ఆ తల్లి మనసులో ఏముందో ఊహించడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

అయినా ఆమె నిలబడ్డారు. రెండు దేశాల మధ్య మళ్ళీ మాటలు కలిశాక, చైనా నుంచి పెద్ద నాయకులు వచ్చినప్పుడల్లా కోట్నీస్ కుటుంబాన్ని కలుసుకోవడం ఆనవాయితీ అయింది. 1982లో చైనా కూడా ఆయన స్టాంపు వేసింది. 2012 జనవరి 1న షోలాపూర్‌లో ఆయన స్మారకం తెరిచారు. అదే ఏడాది జూన్ 28న, తొంభై ఆరేళ్ళ వయసులో, దలియాన్‌లో చింగ్‌లాన్ కన్నుమూశారు.

ఏడాది కాపురం ఎంత కాలం ఉంటుంది? కాలెండరు చూస్తే ఏడాదే. ఆమె జీవితం చూస్తే డెబ్బై ఏళ్ళు ఉంది. దానికోసం ఆమె జీవితమంతా తెల్లచీర కట్టుకుని కూర్చోనక్కర్లేకపోయింది. మళ్ళీ ఇల్లు కట్టుకుంది, పిల్లల్ని పెంచింది, పాత బంధుత్వం కూడా నిలుపుకుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. అడ్డం వస్తాయనుకునేది చుట్టూ ఉన్న మనమే.

మన ఇళ్ళలో ఏ చిన్న వయసు పిల్లకైనా అలాంటి కష్టం వచ్చి, మళ్ళీ నిలదొక్కుకుంటే, ఈసారి ఇంట్లో శుభకార్యానికి శుభలేఖల జాబితా రాసేటప్పుడు ఆ పిల్ల పేరు కూడా రాయండి. కొత్త ఇంటి అడ్రసుకే పంపండి.